హాఫ్‌కిన్: ప్లేగుపై గెలిచి, 19 మరణాల నిందను మోసిన శాస్త్రవేత్త

1896 సెప్టెంబరులో బొంబాయి రేవును ఆనుకొని ఉన్న మాండ్వి ప్రాంతంలో జనం ఉన్నట్టుండి తీవ్ర జ్వరంతో మంచం పట్టసాగారు. ధాన్యపు గోదాముల మధ్య, గాలి చొరబడని ఇరుకు ఇళ్లలో మొదలైన ఆ జ్వరానికి ఒక ప్రత్యేక లక్షణం ఉండేది. రోగి గజ్జల్లోనో, చంకలోనో, మెడ మీదనో బిళ్ల కట్టేది. అది గంటల వ్యవధిలో ఉబ్బి, తాకితే భరించలేనంత నొప్పి పెట్టేది. కొద్ది రోజుల్లోనే చాలామంది ప్రాణాలు కోల్పోయేవారు. సెప్టెంబరు 23న అకాసియో వియేగాస్ అనే వైద్యుడు ఆ వ్యాధిని ప్లేగుగా గుర్తించారు. కొన్ని నెలల్లోనే లక్షలాది మంది నగరాన్ని విడిచి వెళ్లారు.

అక్టోబరులో కలకత్తా నుంచి ఒక వ్యక్తి బొంబాయికి చేరుకున్నారు. ఆయన వైద్యుడు కాదు, జంతుశాస్త్రవేత్త. బ్రిటిష్ పౌరుడూ కాదు, రష్యా సామ్రాజ్యంలో పుట్టిన యూదుడు. పేరు వాల్డెమార్ హాఫ్‌కిన్. మూడు నెలల్లో ఆయన ప్లేగుకు టీకా తయారు చేశారు. ఆరేళ్ల తర్వాత అదే టీకా పేరిట జరిగిన ఒక ప్రమాదం ఆయన జీవితాన్ని తలకిందులు చేసింది.

ఒడెస్సా నుంచి పారిస్ వరకు

హాఫ్‌కిన్ 1860 మార్చి 15న నల్ల సముద్ర తీరంలోని ఒడెస్సాలో జన్మించారు. నేడు అది ఉక్రెయిన్‌లో ఉంది. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఆయనకు గురువు ఇల్యా మెచ్నికోవ్. రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసినవారిలో మెచ్నికోవ్ ఒకరు. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరంలో నక్షత్రపు చేప పిల్లల దేహంలోకి ఆయన సన్నని ముళ్లను గుచ్చి చూశారు. మరునాటికి కదిలే కణాలు ఆ ముళ్ల చుట్టూ గుమిగూడాయి. శరీరంలోకి చొరబడిన పరాయి పదార్థాన్ని మింగి అరిగించే కణాలు ఉంటాయని, అవే ప్రాణికి రక్షకభటులని ఆయన ప్రతిపాదించారు. వాటికే భక్షక కణాలని పేరు.

ఆనాటి శాస్త్రలోకం దీనిని వెంటనే అంగీకరించలేదు. రక్షణ శక్తి కణాల్లో లేదని, రక్తంలోని ద్రవభాగంలోనే ఉందని జర్మనీ శాస్త్రవేత్తలు వాదించారు. ఈ వివాదం దశాబ్దాల పాటు సాగింది. చివరకు రెండు వాదాల్లోనూ సత్యం ఉందని తేలింది. 1908 నోబెల్ బహుమతిని కణవాదానికి ప్రతినిధి అయిన మెచ్నికోవ్‌కు, ద్రవవాదానికి ప్రతినిధి అయిన పాల్ ఎర్లిక్‌కు కలిపి ఇచ్చారు. హాఫ్‌కిన్ శాస్త్రవేత్తగా రూపుదిద్దుకున్నది ఈ వాదవివాదాల వాతావరణంలోనే.

విద్యార్థి దశలో ఆయన జారు చక్రవర్తి పాలనను వ్యతిరేకించే విప్లవ బృందాలతో కలిసి పనిచేశారు. యూదులపై దాడులు జరిగినప్పుడు ఆత్మరక్షణ దళంలో చేరి అరెస్టయ్యారు. గురువు మెచ్నికోవ్ జోక్యంతో విడుదలయ్యారు. క్రైస్తవం స్వీకరిస్తే ఆచార్య పదవికి మార్గం తెరుచుకునేది. అందుకు ఆయన అంగీకరించలేదు. 1888లో స్వదేశాన్ని విడిచి జెనీవాకు, మరుసటి ఏడాది పారిస్‌కు వెళ్లారు. అప్పటికే మెచ్నికోవ్ అక్కడి పాశ్చర్ సంస్థలో ఉన్నారు. హాఫ్‌కిన్‌కు మాత్రం ఆ సంస్థలో దొరికిన ఉద్యోగం గ్రంథాలయ నిర్వహణ. పుస్తకాల పని ముగిసిన తర్వాత ఆయన ప్రయోగశాలలో పరిశోధన సాగించేవారు.

ఆ రోజుల్లో ఐరోపాను కలరా వణికిస్తోంది. హాఫ్‌కిన్ కలరా క్రిములను గినీ పందుల్లో పదే పదే పెంచి వాటి తీవ్రతను అధికం చేశారు. మరోవైపు తీవ్రత తగ్గించిన క్రిములనూ సిద్ధం చేశారు. ముందుగా బలహీనమైనవి, కొద్ది రోజుల తర్వాత బలమైనవి ఎక్కిస్తే జంతువులు వ్యాధిని తట్టుకున్నాయి. మనిషిపై పరీక్షించే సమయం వచ్చింది. 1892 జులై 18న ఆయన మొదటి సూదిని తన శరీరానికే పొడుచుకున్నారు. జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత ముగ్గురు మిత్రులు ముందుకు వచ్చారు. ఫలితాలను జులై నెలాఖరులో పారిస్‌లోని జీవశాస్త్ర సంఘానికి నివేదించారు.

కలకత్తా బస్తీల్లో

టీకా నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది కలరా నిత్యం తిరుగాడే చోటనే తేలాలి. భారత్‌లో వైస్రాయ్‌గా పనిచేసి, అప్పట్లో పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న లార్డ్ డఫ్రిన్ సాయపడ్డారు. 1893 మార్చిలో హాఫ్‌కిన్ కలకత్తా చేరుకున్నారు. ఉత్తర భారతంలోని పట్టణాలు, సైనిక శిబిరాలు, తేయాకు తోటలు తిరుగుతూ టీకాలు వేశారు. ప్రజల్లో అనుమానాలు బలంగా ఉండేవి. ప్రభుత్వ వైద్యుల్లోనూ చాలామంది ఆయనను నమ్మలేదు.

1894 మార్చిలో కలకత్తా ఆరోగ్యాధికారి విలియం సింప్సన్ ఆయనను నగరంలోని కట్టల్ బగాన్ బస్తీకి ఆహ్వానించారు. అక్కడ ఒక చెరువు నీటి కారణంగా కలరా తలెత్తింది. చౌధురి, ఘోష్, ఛటర్జీ, దత్ అనే బెంగాలీ వైద్యులు వెంట ఉండటంతో జనం ధైర్యం చేశారు. దాదాపు 200 మంది ఉన్న ఆ బస్తీలో 116 మంది టీకా తీసుకున్నారు. ఆ తర్వాత 10 మందికి కలరా సోకగా ఏడుగురు మరణించారు. ఆ పది మందీ టీకా తీసుకోనివారే.

ఈ ఫలితానికి బలం చేకూర్చింది పోలిక. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే నీరు తాగుతున్నవారిలో టీకా తీసుకున్నవారిని, తీసుకోనివారిని పక్కపక్కన నిలిపి లెక్కించడం హాఫ్‌కిన్ పద్ధతి. 1895 మధ్య నాటికి దాదాపు 42 వేల మందికి టీకాలు వేసిన ఆయన, మలేరియాతో కృశించి ఐరోపాకు తిరిగి వెళ్లారు. మరుసటి ఏడాది మళ్లీ భారత్‌కు వచ్చారు. అంతలోనే ప్లేగు పిలుపు అందింది.

ఒక గది, ఒక వసారా

బొంబాయిలోని గ్రాంట్ వైద్య కళాశాలలో ఆయనకు ఇచ్చింది ఒక గది, దాని వసారా. సిబ్బంది ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. ప్లేగు క్రిమిని రెండేళ్ల ముందే హాంకాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొన్నారు. అది ఎలుకల నుంచి ఈగుల ద్వారా మనుషులకు చేరుతుందని మాత్రం ఇంకా ఎవరికీ తెలియదు. పాల్ లూయీ సిమోన్ ఆ సంగతిని 1898లో కరాచీలో చేసిన ప్రయోగంతో చూపించారు.

క్రిములను పెద్ద మొత్తంలో పెంచడానికి హాఫ్‌కిన్ మాంసరసం నింపిన గాజు పాత్రలు వాడారు. దానిపై కొన్ని చుక్కల నెయ్యి వేశారు. తేలే నెయ్యిని పట్టుకొని క్రిములు ఊడల్లా కిందికి వేలాడుతూ పెరిగేవి. పాత్రను కదిలిస్తే అవి అడుగుకు రాలి, పైన కొత్త పంట మొదలయ్యేది. వారాల తర్వాత ఆ ద్రవాన్ని వేడిచేసి క్రిములను చంపి, కార్బాలిక్ ఆమ్లం కలిపేవారు. కలరా టీకాలో సజీవ క్రిములుండగా ఇందులో ఉన్నవన్నీ మృత క్రిములే.

1897 జనవరి 10న ఆయన ఈ టీకాను తనకే వేయించుకున్నారు. ఆ మోతాదు 10 ఘన సెంటీమీటర్లు. తర్వాత ఇతరులకు ఇచ్చినదాని కంటే అది ఎక్కువ. జ్వరం, సూది పొడిచిన చోట నొప్పి వచ్చాయి. అయినా ఆయన పని మానలేదు. ఆ నెలాఖరుకు బైకుల్లా జైలులో ప్లేగు ప్రవేశించింది. ఖైదీల్లో దాదాపు సగం మంది స్వచ్ఛందంగా టీకాకు ముందుకొచ్చారు. టీకా వేసే నాటికే వ్యాధి సోకి ఉన్నవారిని మినహాయిస్తే, టీకా తీసుకోనివారిలో 12 మందికి ప్లేగు వచ్చి ఆరుగురు మరణించారు. తీసుకున్నవారిలో ఇద్దరికే వ్యాధి రాగా, ఇద్దరూ బతికారు.

బయట పరిస్థితి ఉద్రిక్తంగా ఉంది. 1897 ఫిబ్రవరిలో ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఇళ్ల సోదాలు, బలవంతంగా ఆసుపత్రికి తరలింపులు, సామాన్ల దహనం జనాగ్రహాన్ని రగిలించాయి. జూన్‌లో పుణే ప్లేగు అధికారి రాండ్‌పై కాల్పులు జరిగాయి. ఆ గాయాలతో ఆయన మరణించారు. అలాంటి సమయంలో హాఫ్‌కిన్ టీకా ఇష్టపడి వచ్చినవారికే అన్న పద్ధతిపై నడిచింది. ఇస్మాయిలీ ముస్లింల మతగురువు మూడో ఆగాఖాన్ తన భవనాన్ని ప్రయోగశాలకు ఇచ్చారు. అనుచరుల భయం పోగొట్టడానికి అందరి ఎదుటా తానే టీకా వేయించుకున్నారు.

1898 ఫిబ్రవరిలో బరోడా సమీపంలోని ఉంధేరా గ్రామంలో జరిగిన పరీక్ష మరింత స్పష్టమైన ఆధారం ఇచ్చింది. ప్రతి కుటుంబంలో సగం మందికి టీకా వేశారు. తర్వాత ప్లేగు ప్రవేశించిన ఇళ్లలో లెక్క తీశారు. టీకా తీసుకోని 64 మందిలో 27 మందికి వ్యాధి సోకి 26 మంది మరణించారు. తీసుకున్న 71 మందిలో ఎనిమిది మందికి సోకి ముగ్గురు మరణించారు. 1899లో ప్రయోగశాల పరేల్‌లోని పాత గవర్నర్ నివాసానికి మారింది. అక్కడి నుంచి లక్షల మోతాదులు దేశమంతటికీ వెళ్లాయి.

ఆ బిళ్ల చెప్పే కథ

గజ్జల్లో కట్టే ఆ బిళ్ల కొత్తగా పుట్టిన గడ్డ కాదు. అది ప్రతి మనిషిలోనూ ఉండే శోషరస గ్రంథి. రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరే ద్రవాన్ని సేకరించి తిరిగి రక్తంలో కలిపే సన్నని నాళాలు ఒళ్లంతా వ్యాపించి ఉంటాయి. వాటిలో ప్రవహించేదే శోషరసం. ఆ దారి పొడవునా చిక్కుడు గింజ ఆకారంలో వందల గ్రంథులు కావలి స్థావరాల్లా నిలిచి ఉంటాయి. కాలి వైపు నుంచి వచ్చే ద్రవం గజ్జల్లోని గ్రంథుల గుండా, చేతి వైపు నుంచి వచ్చేది చంకలోని గ్రంథుల గుండా సాగుతుంది. ఈగులు ఎక్కువగా కాళ్లను కుడతాయి కనుక ప్లేగు బిళ్ల ఎక్కువగా గజ్జల్లో కనిపించేది.

రక్షణ కణాలకు పుట్టిల్లు ఎముక మజ్జ. వాటిలో టి కణాలు ఛాతీలోని థైమస్ గ్రంథికి చేరి శిక్షణ పొందుతాయి. సొంత కణాలకూ పరాయివాటికీ తేడా తెలుసుకోనివి అక్కడే తొలగిపోతాయి. బి కణాలు మజ్జలోనే ఎదుగుతాయి. ఆ తర్వాత ఈ రెండు రకాలూ శోషరస గ్రంథుల్లో, ప్లీహంలో, టాన్సిల్స్‌లో, పేగుల గోడల్లో కాపు కాస్తాయి. గ్రంథి వెలుపలి పొరలో బి కణాల గుంపులు, దాని లోపలి వైపు టి కణాలు ఉంటాయి. శోషరసంతో పాటు వచ్చే క్రిములను భక్షక కణాలు అక్కడే పట్టి మింగుతాయి.

ప్లేగు క్రిమి చేసే మోసం ఇక్కడే ఉంది. తనను మింగిన కణంలోనే అది బతికి, అందులోనే పెరుగుతుంది. గ్రంథికి చేరేసరికి దాన్ని ఎదిరించే నేర్పు సంతరించుకుంటుంది. గ్రంథి వాచి, లోపలి కణజాలం నశించి, క్రిములు రక్తంలోకి పొంగిపొర్లుతాయి. కావలి స్థావరమే శత్రువు స్థావరంగా మారుతుంది.

చచ్చిన క్రిములను చేతికి ఎక్కించినప్పుడు కథ వేరుగా నడుస్తుంది. చర్మంలోని కాపలా కణాలు ఆ శకలాలను మోసుకొని చంకలోని గ్రంథికి వెళ్తాయి. లక్షల కణాల్లో ఆ శకలానికి సరిపోలే టి కణం, బి కణం వాటిని గుర్తించి వేగంగా వృద్ధి చెందుతాయి. బి కణాల సంతతిలో కొన్ని యాంటీబాడీలను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. మరికొన్ని జ్ఞాపక కణాలుగా మిగిలిపోతాయి. అసలు క్రిమి వచ్చే సరికి శరీరం సిద్ధంగా ఉంటుంది. హాఫ్‌కిన్ ఫలితాన్ని లెక్కించగలిగారు కానీ, ఈ ఏర్పాటంతా ఆయనకు తెలిసే అవకాశం లేదు. థైమస్ పని ఏమిటో 1961లో జాక్ మిల్లర్ పరిశోధనలతో గాని వెల్లడి కాలేదు.

ఆ టీకాకు పరిమితులూ ఉన్నాయి. రక్షణ కొన్ని నెలలే నిలిచేది. జ్వరం, నొప్పి తీవ్రంగా ఉండేవి. ఊపిరితిత్తులకు సోకే ప్లేగుపై అది అంతగా పనిచేయలేదు. ఏ టీకా చేయగలిగినా మరణ భయాన్ని తగ్గించడమే తప్ప పూర్తిగా తొలగించడం కాదని ఉంధేరా లెక్కలే చెప్పాయి.

మల్కోవాల్

1902లో పంజాబ్ ప్రభుత్వం భారీ ఎత్తున ప్లేగు టీకాలు వేయాలని నిర్ణయించింది. అంత మొత్తంలో టీకా అందించడానికి పరేల్ ప్రయోగశాల తయారీ విధానాన్ని మార్చింది. క్రిములను వేడితోనే చంపి, కార్బాలిక్ ఆమ్లం కలపడం మానేసింది. పాశ్చర్ సంస్థలోనూ వేడినే నమ్మేవారు.

అక్టోబరు 30న మల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకాలు వేశారు. ఆ ఊరు నేడు పాకిస్థాన్‌లోని పంజాబ్‌లో ఉంది. వారం రోజుల్లో 19 మందికి దవడలు బిగుసుకుపోవడం మొదలైంది. అది ధనుర్వాతం. ఆ 19 మందీ మరణించారు. అందరికీ టీకా వేసింది ఒకే సీసా నుంచి. దాని గుర్తు 53ఎన్. మిగతా సీసాల నుంచి టీకా తీసుకున్నవారికి ఏ హానీ జరగలేదు.

బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. సీసా తెరవకముందే, అంటే ప్రయోగశాలలోనే కాలుష్యం జరిగి ఉంటుందని ఆ సంఘం అభిప్రాయపడింది. కార్బాలిక్ ఆమ్లం మానేయడాన్ని తప్పుపట్టింది. హాఫ్‌కిన్‌ను బాధ్యతల నుంచి తప్పించారు. 1904లో ఆయన దేశం విడిచి లండన్ వెళ్లారు. వైద్య పట్టా లేని విదేశీయుడు అంత ఎత్తుకు ఎదగడాన్ని సహించనివారు అధికార వర్గాల్లో ముందు నుంచీ ఉన్నారు. యూదుడన్న కారణంతో ఫ్రాన్స్‌లో అన్యాయంగా శిక్ష పడిన సైనికాధికారి డ్రైఫస్ ఉదంతంతో చాలామంది దీనిని పోల్చారు.

విచారణ పత్రాల్లోనే మరో సాక్ష్యం ఉంది. ఆ రోజు సీసా బిరడా తీయడానికి వాడిన పట్టకారు సహాయకుడి చేతి నుంచి జారి నేలపై పడింది. దాన్ని మంటపై కాల్చకుండా, కార్బాలిక్ ద్రావణంలో ముంచి మళ్లీ వాడారు. ధనుర్వాతపు బీజాలు మట్టిలో ఉంటాయి. ఆ ద్రావణానికి అవి అంత తేలికగా చావవు. పైగా ఆ సీసా నింపి 41 రోజులైంది. క్రిములు ముందే చేరి ఉంటే అన్ని రోజుల్లో విషం విపరీతంగా పెరిగి, దుర్వాసన వచ్చేది. తెరిచినప్పుడు అలాంటి వాసన లేదని టీకా వేసిన వైద్యుడు చెప్పారు. లండన్‌లోని లిస్టర్ సంస్థ కూడా పరిశీలించి, కాలుష్యం ఊరిలో సీసా తెరిచినప్పుడే జరిగి ఉండవచ్చని భావించింది.

ధనుర్వాతం ముందు ఆ పల్లెవాసుల శరీరాలు నిస్సహాయంగా మిగలడానికి కారణం రోగనిరోధక వ్యవస్థ తీరులోనే ఉంది. కొత్త శత్రువును గుర్తించి యాంటీబాడీలు తగినన్ని సిద్ధం చేయడానికి దానికి రోజులు, వారాలు పడుతుంది. ధనుర్వాత విషం అంతకంటే వేగంగా నరాలను పట్టేస్తుంది. ప్రాణాపాయం కలిగించే ఆ మోతాదు గ్రంథుల్లో స్పందన పుట్టించలేనంత స్వల్పం కూడా.

హాఫ్‌కిన్ పక్షాన గట్టిగా నిలిచిన శాస్త్రవేత్త రోనాల్డ్ రాస్. 1897లో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. భారత్‌లో ప్రభుత్వ వైద్యాధికారిగా పనిచేయడంతో ఆ యంత్రాంగం తీరు ఆయనకు తెలుసు. లండన్ టైమ్స్ పత్రికలో రాస్ వరుసగా లేఖలు రాశారు. 1907 జులై 29న ప్రచురితమైన లేఖపై మరో తొమ్మిది మంది ప్రముఖ శాస్త్రవేత్తలు సంతకాలు చేశారు. ప్రయోగశాలలో తప్పు జరిగిందనడానికి ఆధారం లేదని వారు స్పష్టం చేశారు. ఆ ఏడాదే హాఫ్‌కిన్‌పై నింద తొలగింది. అప్పటికి ప్రమాదం జరిగి ఐదేళ్లు నిండుతున్నాయి.

తిరిగి వచ్చినా

1907 చివర్లో ఆయన భారత్‌కు తిరిగి వచ్చారు. అయితే పరేల్ సంస్థ బాధ్యతలు మళ్లీ దక్కలేదు. కలకత్తాలో ప్రయోగశాల పరిశోధనకే ఆయన పరిమితం కావాల్సి వచ్చింది. మనుషులపై టీకాలు పరీక్షించే అవకాశం ఇవ్వలేదు. 55 ఏళ్ల వయసులో పదవీ విరమణ చేసి ఐరోపాకు వెళ్లిపోయారు. చివరి సంవత్సరాల్లో యూదు సంప్రదాయ జీవనానికి దగ్గరయ్యారు. వివాహం చేసుకోలేదు. తన ఆస్తిలో అధిక భాగాన్ని యూదుల మత విద్యకు కేటాయించారు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో కన్నుమూశారు.

1925లో బొంబాయి ప్రభుత్వం పరేల్ ప్రయోగశాలకు హాఫ్‌కిన్ సంస్థ అని పేరు పెట్టింది. 1964లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ల విడుదల చేసింది. 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని 2020లో కరోనా కాలంలో దేశం మళ్లీ వాడుకుంది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ రూపొందించిన కోవాగ్జిన్‌ను తయారు చేయడానికి ముంబయిలోని హాఫ్‌కిన్ ఔషధ సంస్థకు కేంద్రం అనుమతి ఇచ్చింది. నిర్జీవం చేసిన వైరస్‌తో రూపొందిన టీకా అది. చచ్చిన క్రిమిని చూపి శరీరానికి బతికిన క్రిమిని ఎదిరించడం నేర్పే ఆ సూత్రంతోనే, 1897 జనవరిలో గ్రాంట్ వైద్య కళాశాలలోని ఆ చిన్న గదిలో హాఫ్‌కిన్ తొలి సూదిని తన ఒంటికి వేయించుకున్నారు.